గణితవేత్తల జీవితములు చలనచిత్రములకు తగునా?

మన తెలుగువారు చలనచిత్రకళను చేతబట్టిన తొలినాళ్లనుండియు మహనీయుల చరిత్రలను తెరకెక్కించుటయందు మిక్కిలి ఆసక్తి చూపిరి. 1946లో ‘త్యాగయ్య’ వచ్చినది. 1947లో ‘యోగి వేమన’ వచ్చినది. అంతకు ముందే ‘భక్త పోతన’ వచ్చి యుండెను. ఈ మూడింటను చిత్తూరు నాగయ్యగారే ప్రధానపాత్రను ధరించి ప్రజల హృదయములందు నిలిచిరి. పిమ్మట 1997లో ‘అన్నమయ్య’, 2018లో సావిత్రిగారి జీవితమును చెప్పిన ‘మహానటి’ వచ్చినవి. భక్తునకు, కవికి, గాయకునకు, వీరునకు, నటీమణికి తెరపై చోటు దొరకినది. మఱి గణితవేత్తకో?

ఈ ప్రశ్న మొదట వింతగా తోచవచ్చును. పోతనగారి పద్యమును తెరపై చదువవచ్చును. త్యాగరాజస్వామి కృతిని పాడవచ్చును. అక్షరజ్ఞానము లేని ముసలమ్మయు ఆ పాట విని కన్నీరు పెట్టగలదు. వారు చేసిన పని చెవికి అందునట్టిది. గణితవేత్త చేసిన పని అట్టిది కాదు. అతడు ఒక మూల కూర్చుండి పలకపై ఏదో వ్రాయును, చెఱుపును, మరల వ్రాయును. చూచువారికి అతని చేయి కనబడునే గాని అతని తలపు కనబడదు. అట్టివాని జీవితమును రెండుమూడు గంటల సేపు జనులు కూర్చుండి చూడదగిన చిత్రముగా చేయుట సాధ్యమా? చేసినచో అది ఆ మనుష్యుని చిత్రమగునా, లేక అతని పేరు పెట్టుకొనిన మఱియొక కథయగునా? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఈ విషయమునే.

బోడినాయకనూరు తెలుగువారి సంచికలో ఈ చర్చ యేల అని పాఠకులు అడుగవచ్చును. దానికి కారణములు కలవు. మధుర నాయకరాజుల కాలమున ఏర్పడిన పాళెములలో మన బోడి యొకటి. ఏలనాటినుండియో మనము ఇంట తెలుగు మాటలాడుచు, వీధిలో తమిళము మాటలాడుచు, బడిలో ఆంగ్లము చదువుకొనుచు వచ్చితిమి. ఏలకుల వర్తకము మన ఊరి జీవనాధారము. అంగడులలో మన పెద్దలు చిట్టా తమిళమున వ్రాసినను, మనసులో కూడిక మాత్రము తెలుగుననే వేయుట మనమందఱము ఎఱిగినదే. లెక్క మనకు పరాయి విద్య కాదు. సినిమాయు మనకు పరాయిది కాదు. మన ఊరి చుట్టునున్న కొండలును తోటలును ఎన్నో తమిళ చిత్రములలో కనబడినవి. ఇక మన పిల్లలు గణితశాస్త్రజ్ఞుల పేర్లను పాఠ్యపుస్తకములకంటె తెరమీదనే ముందుగా వినుచున్నారు. అందుచేత ఆ తెర వారికి ఏమి చెప్పుచున్నదో విచారించుట పెద్దలకు విధి.

ఈ విచారమునకు మనకు మిక్కిలి దగ్గఱగానున్న దృష్టాంతము శ్రీనివాస రామానుజన్. ఆయన 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించెను. ఈరోడు నాడు కోయంబత్తూరు జిల్లాలోనిది. మన బంధువులు అనేకులు తరతరములుగా నివసించుచున్న సీమ అది. రామానుజన్ తెలుగువాడు కాడు, తమిళ వైష్ణవ బ్రాహ్మణుడు. ఆయనను మనవానిగా చెప్పుకొనవలసిన అవసరము మనకు లేదు. కాని నాటి మద్రాసు రాజధానిలో తమిళులును తెలుగువారును ఒకే పాలనక్రింద, ఒకే విశ్వవిద్యాలయము నీడన ఉండిరి. ఆయన జీవితము మలుపు తిరిగిన ఒక ఘట్టమున తెలుగునాటి నెల్లూరు పేరు వచ్చుట యాదృచ్ఛికము కాదు.

ఆ జీవితమును సంగ్రహముగా చెప్పుకొందము. కుంభకోణమున పెరిగిన బాలుడు 1903 ప్రాంతమున కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన సూత్రముల సంగ్రహమొకటి చూచెను. అందు వేలకొలది సూత్రములు కలవు, ఉపపత్తులు మాత్రము స్వల్పము. బాలుడు వానిని తానే సాధింపసాగెను. ఆ ధ్యాసలో మిగిలిన పాఠములు వెనుకబడెను. కుంభకోణము కళాశాలలో విద్యార్థివేతనము పోయెను. పిమ్మట మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను. 1909లో వివాహమైనది. చేతిలో పట్టా లేదు, ఉద్యోగము లేదు. చంకలో నోటుపుస్తకములు మాత్రము కలవు.

1910లో ఆయన భారతీయ గణితసంఘ స్థాపకుడైన వి. రామస్వామి అయ్యరును చూచెను. ఆ తరువాత నెల్లూరు కలెక్టరుగానున్న ఆర్. రామచంద్రరావుగారి వద్దకు పోయెను. రావుగారు గణితాభిమాని. మాసిన బట్టలతో, నలిగిన పుస్తకముతో తమ ఎదుట నిలిచిన యువకుడు చెప్పినది వారికి మొదట బోధపడలేదు. ఐనను పొమ్మనలేదు, మరల రమ్మనిరి. రెండుమూడు పర్యాయములు వినిన పిదప ఇతడు సామాన్యుడు కాడని గ్రహించిరి. నీకేమి కావలెనని అడుగగా, పరిశోధన సాగించుకొనుటకు సరిపడు కూడుమాత్రము చాలునని ఆ యువకుడు కోరెనట. రావుగారు నెలకు ఇరువదియైదు రూపాయలు తమ చేతినుండియే ఇచ్చి కొంతకాలము పోషించిరి.

1912వ సంవత్సరము మార్చి 1వ తేదీన రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల విభాగములో గుమాస్తాగా చేరెను. జీతము ముప్పది రూపాయలు. మేమును జీవితమంతయు గుమాస్తాపని చేసినవారమే గనుక ఈ ఘట్టమును తేలికగా దాటిపోలేకున్నాము. ఆయన పైయధికారి నారాయణయ్యర్ ఆ కార్యాలయపు ముఖ్య గణకుడు, స్వయముగా గణితము నెఱిగినవాడు. రాత్రులందు వారిరువురును పలకలు చేతబట్టుకొని కూర్చుండెడివారు. కాగితము ప్రియమైనది గనుక రామానుజన్ పలకమీదనే లెక్క సాధించి, మోచేతితో తుడిచివేసి, తేలిన ఫలితమును మాత్రము పుస్తకమున ఎక్కించుకొనెడివాడు. పోర్టు ట్రస్టు అధ్యక్షుడైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌తో చెప్పి, నారాయణయ్యర్ ఈ గుమాస్తాకు మేలు కలుగునట్లు చూచెను. ఆ బల్ల దగ్గఱనుండియే 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి ఆయన లేఖ వ్రాసెను. సంవత్సరమునకు ఇరువది పౌనుల జీతముగల గుమాస్తానని ఆ లేఖలో తన్ను తాను పరిచయము చేసికొనెను.

తరువాతి కథ లోకవిదితము. హార్డీయు, ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్డును ఆ లేఖను పరిశీలించి ఆశ్చర్యపడిరి. 1914 మార్చి 17వ తేదీన రామానుజన్ ‘నెవాసా’ అను ఓడనెక్కెను. ఆ సంవత్సరమే మహాసంగ్రామము మొదలైనది. శాకాహారియైన ఆయనకు ఆహారము దొరకుట కష్టమైనది. వ్యాధి తగిలినది. ఒక దశలో ప్రాణత్యాగమునకు కూడ యత్నించెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పును లభించినవి. 1919 మార్చిలో స్వదేశమునకు మరలివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన మద్రాసులో కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదిరెండేండ్లు మాత్రమే.

ఈ జీవితముపై రెండు కథాచిత్రములను మనము ముఖ్యముగా తలచుకొనవలెను. మొదటిది 2014లో విడుదలయైన ‘రామానుజన్’. దీనిని జ్ఞాన రాజశేఖరన్ తమిళమునను ఆంగ్లమునను ఏకకాలమున నిర్మించెను. అంతకుముందు భారతియార్, పెరియార్ జీవితములను తెరకెక్కించిన దర్శకుడాయన. మనవారికి ప్రీతి కలిగించు విశేషమొకటి ఇందు కలదు. రామానుజన్ పాత్ర ధరించిన అభినయ్ వడ్డి, జెమినీ గణేశన్‌గారికిని మన సావిత్రిగారికిని మనుమడు. తమిళ గణితవేత్త పాత్రలో తెలుగు మహానటి మనుమడు నిలిచినాడు. కలసి బ్రతుకుచున్న రెండు భాషలవారికి ఇది ముచ్చట గొలుపు సంగతి. రెండవది 2015లో టొరంటో ఉత్సవమున మొదట ప్రదర్శింపబడిన ఆంగ్లచిత్రము ‘ది మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ’. రాబర్ట్ కానిగెల్ 1991లో ప్రకటించిన జీవితచరిత్ర దానికి మూలము. దర్శకుడు మాట్ బ్రౌన్. దేవ్ పటేల్ రామానుజన్‌గాను, జెరెమీ ఐరన్స్ హార్డీగాను నటించిరి. కెన్ ఓనో, మంజుల్ భార్గవ అను ప్రసిద్ధ గణితశాస్త్రజ్ఞులు సలహాలిచ్చిరి.

మొదటి చిత్రము మన నేలమీది జీవితమును విస్తారముగా చూపినది. తల్లి కోమలతమ్మాళ్, అత్తకోడండ్ర నడుమ కలతలు, పేదఱికము, పరీక్షలలో ఓటమి, ఆచారవ్యవహారములు ఇవన్నియు మనకు తెలిసిన ఇంటివలె కనబడును. రెండవ చిత్రము కేంబ్రిడ్జిని చక్కగా చూపినది, ట్రినిటీ ఆవరణములోనే చిత్రీకరణము జరిగినది. అందు మన నేల మాత్రము ఒక దూరపు పటమువలె మిగిలినది. దేవ్ పటేల్ పొడగరి, సన్ననివాడు. అసలు రామానుజన్ పొట్టిగా, స్థూలముగా ఉండెడివాడు. ఆ చిత్రమున జానకమ్మ యౌవనవతియగు ప్రేయసిగా కనబడును. నిజమునకు వివాహమగునాటికి ఆమె పదేండ్ల బాలిక. భర్త ఓడ నెక్కునాటికి ఆమెకు పదునైదేండ్లు నిండలేదు. బాలికావివాహమును నేటి ప్రేక్షకులకు చూపుట ఇష్టములేక ప్రేమకథను కల్పించిరని ఊహింపవచ్చును. కాని ఆ కాలపు కుటుంబములలోని నిజమైన దుఃఖము దానితో మఱుగుపడినది.

ఇట్టి మార్పులు రామానుజన్ చిత్రములకు మాత్రమే చెల్లునవి కావు. 2001లో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ అను చిత్రము అమెరికా గణితవేత్త జాన్ నాష్ కథ. అది నాలుగు ఆస్కారు బహుమతులు పొందినది. నాష్ మనోవ్యాధితో బాధపడుచు లేని కంఠస్వరములను వినుచుండెడివాడు. చిత్రమున ఆ వ్యాధి లేని మనుష్యులను కన్నులకు కట్టినట్లు చూపినది, ఏలయన తెరకు కంఠస్వరముకంటె రూపము అనుకూలము. 1963లో దంపతులకు విడాకులైన సంగతియు, 2001లో వారు మరల వివాహమాడిన సంగతియు అందు లేవు. ప్రేక్షకులు ఆ చిత్రము చూచి నాష్ వ్యాధిని తెలిసికొనిరి. ఆయన పేరుతో నిలిచిన సమతాస్థితి సిద్ధాంతమును తెలిసికొనినవారు ఎందఱు?

ఇచటనే అసలు చిక్కు ఉన్నది. గణితవేత్తను గూర్చిన చిత్రము తీయువారు తఱుచుగా గణితమును ప్రక్కనుంచి, వ్యాధినో, ప్రేమనో, అవమానమునో, అకాలమరణమునో పట్టుకొందురు. అవి తెరకు సులభముగా లొంగును. కథానాయకుడు ఏ వృత్తివాడైనను ఆ కథ నడచును. రామానుజన్ స్థానమున ఒక చిత్రకారుని ఉంచినను, ఒక వైణికుని ఉంచినను ఆ కన్నీరు ఆగదు. ఆ చిత్రము చూచి వచ్చిన బాలుడు రామానుజన్ దగ్గుచు మరణించెనని చెప్పగలడు. ఆయన ఏమి సాధించెనని అడిగినచో మౌనము వహించును. దగ్గు విషయమునను వివాదము కలదు. నాడు క్షయయని తలచిరి. కాలేయమునకు సోకిన అమీబా వ్యాధియై యుండునని తరువాతి వైద్యపరిశీలకుల అభిప్రాయము.

ఐతే గణితమును తెరపై చూపుట అసాధ్యమా? కాదనియే మా అభిప్రాయము. ఒక ఉదాహరణము చెప్పెదము. ఆంగ్లచిత్రమున ప్రస్తావింపబడిన విభజనసంఖ్యల విషయమును మన అంగడి భాషలో చెప్పి చూతము. నాలుగు ఏలకుల మూటలు కలవనుకొనుడు. వానిని కుప్పలుగా పెట్టవలెను. నాలుగును ఒకే కుప్పగా పెట్టవచ్చును. మూడొకచోట, ఒకటొకచోట పెట్టవచ్చును. రెండు రెండుగా పెట్టవచ్చును. రెండొకచోట పెట్టి మిగిలిన రెంటిని విడివిడిగా పెట్టవచ్చును. నాలుగింటిని విడివిడిగా పెట్టవచ్చును. ఇంతకు మించి దారి లేదు. కనుక నాలుగునకు విభజనలు ఐదు. ఐదు మూటలైనచో ఏడు విధములు. పది మూటలైనచో నలువదిరెండు. ఇంతవరకు పిల్లవాడును వ్రేళ్లమీద లెక్కింపగలడు. కాని నూఱు మూటలకు విభజనలు 19,05,69,292. అనగా పందొమ్మిది కోట్లకు పైబడినవి. ఇన్నూఱు మూటలకైనచో 39,72,99,90,29,388. ఇది మూడు లక్షల తొంబదియేడు వేల కోట్లు దాటిన సంఖ్య.

ఈ రెండవ సంఖ్యను మేజరు మాక్‌మహన్ అను పండితుడు మెట్టు మెట్టుగా, చేతితోనే లెక్కించి పట్టిక వేసెను. హార్డీ రామానుజన్‌లు 1918లో ప్రకటించిన వ్యాసములో, ఒక్కొక్కటే లెక్కింప నవసరము లేకుండ, సూత్రముచేత ఆ సంఖ్యను చేరు మార్గమును చూపిరి. సూత్రము నిచ్చిన విలువ పట్టికలోని సంఖ్యకు స్వల్పమైన దశాంశభేదముతో సరిపోయెను. ఒక వైపు ఓర్పుతో కూడిక వేయు ముసలి సైనికోద్యోగి. మఱియొక వైపు పలక తుడుచుచు సూత్రమును వెదకు యువకుడు. ఇరువురి కాగితములను బల్లపై ప్రక్కప్రక్కన ఉంచి పోల్చునపుడు కలుగు ఉత్కంఠ ఏ యుద్ధఘట్టమునకు తీసిపోవును? ఏండ్ల తరబడి ఆదాయవ్యయముల పద్దులు సరిచూచినవారము గనుక, రెండు దారుల వచ్చిన మొత్తములు ఒక్కటైనపుడు మనస్సునకు కలుగు సుఖమెట్టిదో మేమెఱుగుదుము.

1729 అను సంఖ్యను గూర్చిన ముచ్చట అందఱకును తెలిసినదే. ఆసుపత్రిలోనున్న రామానుజన్‌ను చూడవచ్చిన హార్డీ తానెక్కిన టాక్సీ సంఖ్య చప్పనిదని చెప్పగా, రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అదియే మిక్కిలి చిన్నదని రోగి బదులు చెప్పెను. ఒకటి ఘనము, పండ్రెండు ఘనము కూడినను 1729. తొమ్మిది ఘనము, పది ఘనము కూడినను 1729. ఇది తెరపై చెప్పుటకు అనువైన ముచ్చటయే. కాని దీనినే పట్టుకొని ఆగిపోయినచో, గణితమనగా మెఱుపువలె జవాబు చెప్పుటయే యని పిల్లలు తలచు ప్రమాదము కలదు. లెక్కలు వేగముగా చేయు విద్య వేఱు, గణితశాస్త్రము వేఱు. మొదటిది తెరకు మిక్కిలి అనుకూలము. శకుంతలాదేవి 1980లో లండనున పదమూడు అంకెల సంఖ్యలు రెంటిని 28 సెకనులలో గుణించి చెప్పెను. ఆమె జీవితముపై 2020లో హిందీ చిత్రము వచ్చినది. మన తెలుగునాట కడప జిల్లా కల్లూరులో 1907లో జన్మించిన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టుగుడ్డివారయ్యు, వయొలిన్ వాయించుచు, సభలలో గణితావధానములు చేసి ప్రజలను ముగ్ధులను చేసిరి. అవధానము మన జాతిసొత్తు. పృచ్ఛకులు, సభ, ఉత్కంఠ, జవాబు అన్నియు అందు ముందే సిద్ధముగ నుండును. తీయదలచినవారికి శర్మగారి జీవితము గొప్ప చిత్రమే కాగలదు.

గణితమును మనోహరముగా చెప్పుట మనవారికి క్రొత్తయు కాదు. మహావీరాచార్యులు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కలను పద్యమున పెట్టి చదివించిన జాతికి, దానిని దృశ్యముగా చేసి చూపుట అలవికాని పని యని మేము నమ్మజాలము.

ఇక చిత్రమునకు యోగ్యమైన సంఘర్షణము రామానుజన్ కథలో నిజముగనే కలదు. అది ఉపపత్తిని గూర్చిన సంఘర్షణము. నామక్కల్ నామగిరి తాయారు తనకు స్వప్నమున సూత్రములు ప్రసాదించునని రామానుజన్ నమ్మకము. హార్డీ దైవమును నమ్మనివాడు, ప్రతి ఫలితమునకును ఉపపత్తి కావలెననువాడు. ఆంగ్లచిత్రము ఈ సంఘర్షణను పట్టుకొనుట దాని గొప్పతనము. చిత్రములు సాధారణముగ పైపైన దాటవేయు సత్యమొకటి ఇందు కలదు. ప్రధానసంఖ్యలను గూర్చి రామానుజన్ హార్డీకి వ్రాసిపంపిన ఫలితములలో కొన్ని తప్పులు. అంతటి మేధావియు తప్పెను. ఉపపత్తి యనునది తెల్లదొర పెట్టిన అవమానము కాదు, తప్పును పట్టు జల్లెడ. గురుశిష్యులవలెను, మిత్రులవలెను కూర్చుండి ఆ జల్లెడ పట్టుటయే వారి అయిదేండ్ల పని. దేవతానుగ్రహమో, తెల్లవాని తర్కమో అని రెండు జట్లుగా చీల్చి చూపు చిత్రము సులభముగా చప్పట్లు సంపాదించును. వారిరువురును కలసి ఏమి చేసిరో చూపు చిత్రము సత్యమునకు చేరువగును.

మా దృష్టికి మఱియొక విషయమును తట్టినది. రామానుజన్ కథలో మిక్కిలి అందమైన పాత్రలు వినువారివి. తనకు బోధపడకున్నను పొమ్మనని నెల్లూరు కలెక్టరు, రాత్రి పలక పట్టుకొని కూర్చుండిన నారాయణయ్యర్, ఎవడో గుమాస్తా వ్రాసిన లేఖను చెత్తబుట్టలో వేయని హార్డీ, వీరు లేనిదే ఆ నోటుపుస్తకములు కుంభకోణమున చెదలపాలయ్యెడివి. వినువాడు ఎదుట ఉన్నప్పుడే గణితవేత్త నోరు విప్పి తన తలపును చెప్పును. వినువానితోబాటు ప్రేక్షకుడును వినును. కాబట్టి ఒంటరి మేధావిని చూపు చిత్రముకంటె, చెప్పువానిని వినువానిని కలిపి చూపు చిత్రమే మేలైనదగునని మేము తలచెదము. 2016లో వచ్చిన ‘హిడెన్ ఫిగర్స్’ ఇందుకు సాక్ష్యము. అమెరికా అంతరిక్షసంస్థలో లెక్కలు వేయు ఉద్యోగులుగానుండిన నల్లజాతి స్త్రీల కథ అది. 1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టివచ్చుటకు ముందు, యంత్రము వేసిన లెక్కను కేథరిన్ జాన్సన్ చేతితో సరిచూచెను. గుమాస్తాబల్లలవద్ద కూర్చుండినవారి శ్రమను ఆ చిత్రము గౌరవముతో చూపినది. అందుచేత అది మాకు ప్రీతిపాత్రము.

చిత్రములు విడిచిన పాత్ర ఒకటి మిగిలినది. కథ సాధారణముగ 1920తో ముగియును. కాని జానకమ్మ కథ అప్పుడే మొదలగును. ఇరువదియొక్క ఏట వైధవ్యము పొందిన ఆమె 1994 వరకు, అనగా మఱి డెబ్బదినాలుగు సంవత్సరములు జీవించెను. కుట్టుపని నేర్చుకొని, మద్రాసు తిరువల్లిక్కేణిలో దానితో జీవనము సాగించెను. 1976లో ట్రినిటీ గ్రంథాలయమున జార్జి ఆండ్రూస్ అను అమెరికా గణితవేత్త రామానుజన్ కడపటి సంవత్సరపు కాగితములను కనుగొనెను. మరణశయ్యపైనుండి ఆయన వ్రాయుచుండగా ప్రక్కన పరిచర్య చేసినది ఈమెయే. భర్తకు విగ్రహము పెట్టుదుమనిన మాట నెరవేరలేదని ఆమె చెప్పుకొనగా, విదేశీయులైన గణితవేత్తలు చందాలు వేసికొని ప్రతిమ చేయించి పంపిరి. కుట్టుమిషను శబ్దము నడుమ ఒక జీవితమంతయు గడపిన ఈ సాధ్విని కథానాయికగా చేసి ఎవరైన చిత్రము తీసినచో, అందు గణితమును ఉండును, మన దేశచరిత్రయు ఉండును.

ఇట్లు చెప్పినంత మాత్రమున దుఃఖము లేని గణితవేత్తల జీవితములు చిత్రములకు పనికిరావని అర్థము కాదు. రామానుజన్ మరణించిన 1920లోనే సెప్టెంబరు 10వ తేదీన కర్ణాటకములోని హడగలిలో, తెలుగు కుటుంబమున కల్యంపూడి రాధాకృష్ణారావుగారు జన్మించిరి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివిరి. ఉద్యోగము వెదకుచు కలకత్తా వెళ్లి అచటి గణాంకశాస్త్రసంస్థలో చేరిరి. ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి ప్రశ్న వేసెను. రావుగారు ఆ రాత్రియంతయు ఆలోచించి మఱునాడు జవాబు తెచ్చిరి. 1945లో అచ్చైన ఆ ఫలితము నేడు లోకమంతట వారి పేరుతో బోధింపబడుచున్నది. 2023లో, నూట రెండవ యేట, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వారికి ప్రకటింపబడినది. ఆ సంవత్సరమే ఆగస్టు 22వ తేదీన వారు స్వర్గస్థులైరి. ఇందు అకాలమరణము లేదు, ఉన్మాదము లేదు. ఒక ప్రశ్న, ఒక రాత్రి, ఒక జవాబు కలవు. ఆ విద్యార్థి అడుగుటయు, గురువు తెలియదనక ఇంటికి పోయి శ్రమించుటయు చూపగల దర్శకుడు మనకు కావలెను. విషాదాంతము కానిచో చిత్రము కాదను భ్రమ తొలగవలెను.

ఇప్పుడు మా అభిప్రాయమును తేల్చి చెప్పెదము. గణితవేత్తల జీవితములు చలనచిత్రములకు నిశ్చయముగ తగినవే. కాని కొన్ని నియమములు పాటింపవలెను. ఒకటి, ఆ మనుష్యుడు చేసిన పనిలో ఒక్కటియైనను సామాన్యునకు తెలియునట్లు చూపవలెను. మూటలు కుప్పలు పెట్టి చెప్పదగిన సంగతిని నల్లబల్లపై గీతలుగా మాత్రము చూపి తప్పించుకొనరాదు. రెండు, అతని వెనుకనున్న శ్రమను చూపవలెను. మూడు, ఇంటివారి కాలమును, వయస్సును, కష్టమును మార్చరాదు. ఈ తూనికతో తూచినచో, తమిళచిత్రము ఇంటి విషయమున బరువు తూగును, ఆంగ్లచిత్రము పని విషయమున బరువు తూగును. రెండును కలసిన చిత్రము ఇంకను రావలసియున్నది.

చివరగా మన కుటుంబములవారికి ఒక విన్నపము. రామానుజన్ ఎఫ్.ఏ. తప్పెను గదా, మాకు మాత్రమేల ఈ చదువు అని కొందఱు పిల్లలు సినిమా చూచి వచ్చి వాదింతురు. నీకు అంతటి తెలివి ఏది అని పెద్దలు వెక్కిరింతురు. రెండును సరికావు. రామానుజన్ పరీక్ష తప్పినను పని మానలేదు. ఆయన నోటుపుస్తకములలో మూడు వేలకు పైగా ఫలితములు కలవు, వానికి ఉపపత్తులు కూర్చుటకు బ్రూస్ బెర్న్ట్ మొదలగు పండితులకు దశాబ్దములు పట్టినవి. ఈ సంగతి పిల్లలకు చెప్పవలెను. పెద్దలకు చెప్పవలసినది నెల్లూరు కలెక్టరు కథ. పిల్లవాడు పలకపై ఏదో గీసికొని వచ్చి చూపినపుడు, మనకు బోధపడకపోవచ్చును. తమిళమున చెప్పినను, ఆంగ్లమున చెప్పినను, ఇంటి తెలుగున చెప్పినను, కూర్చుండబెట్టి వినుడు. ఆనాటికి తెలియకున్నచో, మఱునాడు మరల రమ్మనుడు.